స్వీయ నిర్వహణలోని తెలుగు జాలవేదికలు: ఎత్తిరాత నుండి కంటైనరు దాకా పాఠ పరిరక్షణ

సారాంశం

తెలుగులో బ్లాగులూ జాలపత్రికలూ వెలువడడం మొదలై పాతికేళ్లు దాటింది. వీటిలో పలు వేదికలను నిర్వాహకులే సొంత సర్వర్ల మీద నడుపుతున్నారు. ఈ వేదికల ప్రోగ్రాములను ఎప్పటికప్పుడు కొత్త కూర్పులకు మార్చడం సాంకేతిక నిర్వహణగా మాత్రమే గుర్తింపు పొందింది. అది తాళపత్ర యుగపు ఎత్తిరాతకు కొనసాగింపు అనీ, దానివల్ల పాఠానికి మేలూ కీడూ రెండూ జరుగుతాయనీ, కనుక అది పాఠ పరిష్కరణ శాస్త్ర పరిధిలోకి వస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఎత్తిరాత, పాఠ పరిష్కరణ, యూనికోడు, వర్డ్‌ప్రెస్, కంటైనరు, నవీకరణ.

1. ఉపోద్ఘాతం

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం మన్యం మొదలయ్యే అంచున పాల్వంచ ఉంది. 17వ శతాబ్దిలో తానీషా పాలనలో ఈ పరగణాకు కంచెర్ల గోపన్న తహసీల్దారుగా పనిచేశాడు. భద్రాచల రామదాసుగా ఆయన పాడిన కీర్తనలు భజనపరుల నోట నిలిచి, రాతప్రతుల్లోకి చేరి, ఆ తరువాత అచ్చులోకి వచ్చాయి. ఇదే ప్రాంతపు వాగు మీద విశ్వనాథ సత్యనారాయణ రచించిన కిన్నెరసాని పాటలు ముద్రణ యుగంలో పుట్టి పునర్ముద్రణల ద్వారా నిలిచాయి. కీర్తన ఒక నోటి నుండి మరో నోటికి, పాట ఒక ముద్రణ నుండి మరో ముద్రణకు మారుతూ వచ్చాయి. రెండింటి విషయంలోనూ పాఠాన్ని కాపాడింది దాన్ని దాచిన చోటు కాదు, దాన్ని మళ్లీ మళ్లీ కొత్త ఆధారం మీదికి చేర్చిన వారి శ్రమ.

ఈ సూత్రం జాలరచనలకు ఎంతవరకు వర్తిస్తుందన్నది ఇక్కడి ప్రశ్న. జాలంలో ఉంచిన రచన శాశ్వతమన్న అభిప్రాయం సాహిత్య పరిశోధకుల్లో బలంగా ఉంది. సొంత సర్వర్ల మీద నడిచే తెలుగు వేదికల చరిత్ర అందుకు భిన్నమైన సాక్ష్యం ఇస్తుంది.

2. ఎత్తిరాత సంప్రదాయం

తాటాకు పరిమితకాలపు ఆధారం. పురుగు, చెమ్మ, నిప్పు దాన్ని తినివేస్తాయి. అందువల్ల ఆకులు శిథిలం కాకముందే కొత్త ప్రతి రాయించడం గ్రంథరక్షణలో తప్పనిసరి విధి అయింది. అయితే ప్రతి ఎత్తిరాతా కొన్ని లేఖక దోషాలకు అవకాశమిచ్చింది. అక్షరసామ్యం వల్ల ఒక వర్ణం మరొకటి కావడం, ఒకే పదంతో మొదలయ్యే రెండు పాదాల్లో ఒకటి జారిపోవడం, లేఖకుడు తనకు తెలియని మాటను తెలిసిన మాటగా దిద్దడం పాఠ పరిష్కర్తలకు పరిచితమైన దోషాలే.

19వ శతాబ్దిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈ దోషాలకు ఒక పద్ధతి ప్రకారం విరుగుడు వెదికాడు. ఒకే కృతికి పలు ప్రతులు తెప్పించి, కడపలో పండితులను నియమించి, పాఠాలు సరిపోల్చి శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వెలువడిన ఆయన వేమన పద్యసంకలనం ఆ కృషిలో తొలి ఫలాల్లో ఒకటి. బ్రౌన్ పద్ధతిలో రెండు నియమాలు స్పష్టమవుతాయి. మొదటిది, కొత్త ప్రతి సిద్ధమైనంత మాత్రాన పాత ప్రతిని విడిచిపెట్టకూడదు. రెండోది, కొత్త ప్రతిని పాతదానితో సరిచూసిన తరువాతనే ప్రమాణంగా స్వీకరించాలి. జాలవేదికల నవీకరణను అంచనా వేయడానికి ఈ రెండు నియమాలే కొలమానం.

3. జాలంలో తెలుగు: సొంత వేదికల అవసరం

యూనికోడు తొలి కూర్పు 1991లో వచ్చింది. తెలుగు అప్పటి నుండే అందులో ఉంది. అయితే సామాన్యుల కంప్యూటర్లలో అది పనిచేయడానికి మరో దశాబ్దం పట్టింది. ఆ వ్యవధిలో ప్రవాసాంధ్రులు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ పద్ధతిలో, అంటే రోమన్ అక్షరాల్లో, తెలుగు రాసుకున్నారు. వార్తాపత్రికల జాలస్థలాలు తమ తమ సొంత ఫాంట్లను వాడాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో పాఠం అర్థంలేని గుర్తులుగా కనిపించేది. 1998లో అమెరికా నుండి మొదలైన ఈమాట జాలపత్రిక ఈ సంధియుగాన్ని దాటి యూనికోడుకు మారింది. నేడు దాని పాత సంచికలు కూడా యూనికోడులోనే లభిస్తున్నాయి. ఇది తెలుగు జాలసాహిత్యంలో జరిగిన తొలి పెద్ద ఎత్తిరాతల్లో ఒకటి.

2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగు యూనికోడును వాడుకరుల ముంగిటికి తెచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు చదవడాన్ని సుగమం చేశాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ప్రారంభించిన వెన్న నాగార్జునే, సొంత ఫాంట్ల పాఠాన్ని యూనికోడులోకి మార్చే పద్మ అనే ఉపకరణాన్ని కూడా అందించారు. అదే 2003లో మే 27న వర్డ్‌ప్రెస్ తొలి కూర్పు విడుదలైంది. బీ2 అనే పాత బ్లాగు ప్రోగ్రాము ఆధారంగా మ్యాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ దాన్ని రూపొందించారు. స్వేచ్ఛా లైసెన్సు కింద లభించడం వల్ల ఎవరైనా దాన్ని తమ సర్వరు మీద ఉచితంగా స్థాపించుకోగలిగారు. కొద్ది ఏళ్లకు వీవెన్ రూపొందించిన లేఖిని తెలుగు టైపింగును, కూడలి తెలుగు బ్లాగుల పరిచయాన్ని సులభం చేశాయి.

రచయితలకు అప్పుడు రెండు దారులు ఉన్నాయి. పెద్ద సంస్థలు ఉచితంగా ఇచ్చే చోట రాసుకోవడం ఒకటి, సర్వరు అద్దెకు తీసుకొని సొంత వేదిక నడుపుకోవడం మరొకటి. మొదటి దారిలోని ప్రమాదం త్వరలోనే బయటపడింది. యాహూ సంస్థ 2009లో జియోసిటీస్ సేవను మూసివేసింది. 2019లో యాహూ గ్రూపుల్లోని పాత సందేశాల తొలగింపును ప్రకటించి, 2020 డిసెంబరులో ఆ సేవకు కూడా ముగింపు పలికింది. రచ్చబండ, ఛందస్సు వంటి గుంపుల్లో ఏళ్ల తరబడి సాగిన సాహిత్య, ఛందోచర్చలకు ఆ వేదికే ఆశ్రయం. అక్కడ రాసినవారికి రచన మీద హక్కు ఉంది గాని, అది నిలిచిన చోటు మీద లేదు. సొంత వేదిక ఆ లోపాన్ని పూరించింది. దానితోపాటు, అంతవరకు సంస్థలు మోసిన నిర్వహణ భారాన్ని రచయితల భుజాల మీద పెట్టింది.

4. తొలి నవీకరణల సంక్షోభం

వర్డ్‌ప్రెస్ వేదికలో పాఠం మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులో ఉంటుంది. తొలినాళ్లలో డేటాబేసుకు స్వతస్సిద్ధమైన అక్షరసంకేత పద్ధతి పశ్చిమ ఐరోపా భాషలకు ఉద్దేశించిన లాటిన్1. వర్డ్‌ప్రెస్ పాఠాన్ని యూటీఎఫ్-8 పద్ధతిలో పంపేది. డేటాబేసు దాన్ని లాటిన్1గా భావించి దాచేది. తిరిగి అడిగినప్పుడు అవే బైట్లను మార్పు లేకుండా ఇచ్చేది కనుక తెరమీద తెలుగు సక్రమంగానే కనిపించేది. పెట్టెలో ఉన్న సరుకు ఒకటి, దానిమీద రాసిన పేరు మరొకటి అయినా ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే పొరపాటును పాటించినంత కాలం లోపం బయటపడలేదు.

2007 మే నెలలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 2.2 కూర్పు, డేటాబేసుతో ఏ సంకేత పద్ధతిలో మాట్లాడాలో ప్రకటించే పంక్తిని అమరికల్లో చేర్చింది. కొత్త వేదికలకు అది మేలు చేసింది. పాత వేదికల్లో ఆ పంక్తిని ఆలోచించకుండా చేర్చిన చోట డేటాబేసు తాను లాటిన్1 అనుకున్న ప్రతి బైటునూ యూటీఎఫ్-8లోకి మార్చి పంపడం మొదలుపెట్టింది. తెలుగు పుట మొత్తం వింత గుర్తులైంది.

ఈ వికృతి యాదృచ్ఛికం కాదు, దానికొక క్రమం ఉంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. మొదటి బైటు అన్నింటికీ ఒకటే. లాటిన్1 దాన్ని నెత్తిన వాలుగీత ఉన్న చిన్న రోమన్ ‘ఎ’గా చూపుతుంది. రెండో బైటుకు రెండే రూపాలు. అచ్చులు, హల్లులు, దీర్ఘం, గుడి ఉన్న మొదటి సగానికి డిగ్రీ గుర్తు వస్తుంది. గుడిదీర్ఘం, కొమ్ము, ఎత్వం, ఒత్వం, పొల్లు మొదలైనవి ఉన్న రెండో సగానికి కూడిక తీసివేతల జంట గుర్తు వస్తుంది. మూడో బైటు ఒక్కటే అక్షరాన్ని వేరుచేస్తుంది. కాబట్టి ఒక్కసారి మాత్రమే జరిగిన వికృతిని వెనక్కి తిప్పి అసలు పాఠాన్ని పూర్తిగా రాబట్టవచ్చు. వికృత పాఠాన్నే అసలుగా భావించి మళ్లీ భద్రపరిచినప్పుడు, ఆ దశలో చూపడానికి వీలులేని బైట్లు ప్రశ్నార్థకాలుగా మారినప్పుడు నష్టం శాశ్వతం. లేఖక దోషాల్లో కూడా ఈ తేడా ఉంది. అక్షరసామ్యం వల్ల వచ్చిన దోషాన్ని పరిష్కర్త ఊహించి దిద్దగలడు. పురుగు తిన్న అక్షరాన్ని దిద్దలేడు.

5. కంటైనరు: పుట్టుక, స్వభావం

పై సంక్షోభానికి మూలం ప్రోగ్రాము, డేటాబేసు, సర్వరు వ్యవస్థ ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉండడం. ఒకదాన్ని మారిస్తే మరొకటి కదిలేది. కంటైనరు పద్ధతి ఈ చిక్కును విడదీసింది. ఒక ప్రోగ్రాముకు కనిపించే ప్రపంచాన్ని పరిమితం చేయాలన్న ఆలోచన 1979 నాటి యూనిక్స్ ఏడో కూర్పులోని సీహెచ్‌రూట్ సౌకర్యంలోనే ఉంది. 2000లో ఫ్రీబీఎస్‌డీ ‘జైలు’ పేరుతో దాన్ని విస్తరించింది. 2008లో లినక్స్ కెర్నెల్‌లో వనరులను పంచి ఇచ్చే ఏర్పాటు చేరింది. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ డాకర్‌ను ప్రదర్శించిన తరువాత ఈ పద్ధతి సామాన్య నిర్వాహకులకు అందివచ్చింది.

డాకర్‌లో మూడు భావనలు ముఖ్యం. ఒక ప్రోగ్రామునూ, అది నడవడానికి కావలసిన సామగ్రినంతటినీ కలిపి మూసిన కట్ట ‘ఇమేజి’. ఆ కట్ట నుండి నడుస్తున్న రూపం ‘కంటైనరు’. కంటైనరును తీసివేసినా నిలిచి ఉండేలా వేరుగా దాచిన చోటు ‘వాల్యూమ్’. తాళపత్ర గ్రంథంలో ఆకులు వేరు, వాటికి పైనా కిందా ఉండే చెక్కపలకలూ రంధ్రంలో దూర్చిన తాడూ వేరు. పలకలు విరిగితే కొత్తవి వేస్తారు, తాడు తెగితే కొత్తది దూరుస్తారు, ఆకులను ముట్టుకోరు. ఇమేజి పలకలూ తాడూ వంటిది, వాల్యూమ్ ఆకుల వంటిది. వేదిక నిర్వహణలో ఏది పాఠం, ఏది పాఠాన్ని పట్టి ఉంచే సాధనం అన్న విభజనను కంటైనరు ఇలా స్పష్టం చేసింది. చరిత్ర దృష్ట్యా దాని ముఖ్య ప్రయోజనం ఇదే.

కొత్త పద్ధతి కొత్త అజాగ్రత్తలకు కూడా తావిచ్చింది. వాల్యూమ్ ఏర్పాటు చేయకుండా వేదికను నడిపితే, కంటైనరును తొలగించిన క్షణాన రచనలన్నీ పోతాయి. వాల్యూమ్ ఉన్నా, తొలగింపు ఆదేశానికి ‘వాల్యూమ్‌లతో సహా’ అన్న చిన్న సూచిక చేరితే ఫలితం అదే.

6. నవీకరణ క్రమం: పాఠ పరిష్కర్త దృష్టి

వేదికలన్నీ ఒకే తీరున నవీకరణ పొందవు. వర్డ్‌ప్రెస్ అధికారిక ఇమేజి తొలిసారి నడిచినప్పుడు తన ఫైళ్లను వాల్యూమ్‌లోకి ఎక్కించుకుంటుంది. అక్కడ అవి ముందే ఉంటే మళ్లీ ఎక్కించదు. అందువల్ల కొత్త ఇమేజిని దించుకున్న నిర్వాహకునికి మారేది పీహెచ్‌పీ, వెబ్‌సర్వరు మాత్రమే. వర్డ్‌ప్రెస్‌ను దాని నిర్వహణ పుట నుండి వేరుగా నవీకరించాలి. 2013లో మొదలైన గోస్ట్ వేదిక తీరు ఇందుకు విరుద్ధం. దాని ప్రోగ్రాము ఇమేజిలోనే ఉంటుంది, రచయిత చేర్చిన బొమ్మలూ అలంకరణలూ వాల్యూమ్‌లో ఉంటాయి. కొత్త ఇమేజి మొదటిసారి నడవగానే డేటాబేసు నిర్మాణం కూడా మారిపోతుంది. 2022లో వచ్చిన దాని అయిదో కూర్పు నుండి ప్రచురణ సర్వర్లకు మైఎస్‌క్యూఎల్ 8 ఒక్కటే ఆమోదిత డేటాబేసు. ఈ తేడా తెలియని నిర్వాహకుడు ఒకచోట నవీకరణ జరగకున్నా జరిగిందనుకుంటాడు, మరోచోట అనుకోని మార్పుకు లోనవుతాడు.

డేటాబేసు నవీకరణలో జాగ్రత్త మరింత అవసరం. మైఎస్‌క్యూఎల్ 8.0 కూర్పుతో స్వతస్సిద్ధ సంకేత పద్ధతి లాటిన్1 నుండి యూటీఎఫ్8ఎంబీ4కు మారింది. 5.7 కూర్పుకు మద్దతు 2023 అక్టోబరులో ముగిసింది కనుక ఈ మార్పు పాత వేదికలకు అనివార్యమైంది. 8.0 ఒకసారి తెరిచి మార్చుకున్న వాల్యూమ్‌ను 5.7 మళ్లీ చదవలేదు. వెనుదిరగాలంటే మిగిలే దారి నవీకరణకు ముందు తీసిన నకలు ఒక్కటే. ఇమేజి పేరు పక్కన కూర్పు సంఖ్యకు బదులు ‘తాజాది’ అన్న గుర్తు రాసుకున్నవారు ఏ రోజున ఏ కూర్పులోకి ప్రవేశించారో వారికే తెలియదు. ప్రతికి లేఖకుని పేరూ తిథీ రాసే గద్యం లేకపోవడం ఎలాంటిదో ఇది అలాంటిది. కూర్పు సంఖ్యను స్పష్టంగా రాసి, మార్చిన తేదీని నమోదు చేయడం ఆ గద్యానికి నేటి రూపం.

బ్రౌన్ నియమాలను ఇక్కడ అన్వయిస్తే ఒక క్రమం ఏర్పడుతుంది. ముందుగా డేటాబేసు నకలును పాఠ రూపంలో, వాల్యూమ్ నకలును ఫైళ్ల రూపంలో తీసి సర్వరుకు వెలుపల ఉంచాలి. ఆ నకలుతో వేరే కంటైనరులో నవీకరణను పరీక్షించాలి. కంటైనరు వల్ల ఈ పరీక్షకు మరో యంత్రం అవసరం లేదు. పాత వేదిక నడుస్తుండగానే కొత్తది పక్కనే నడుస్తుంది. ఆ తరువాత రెండు పాఠాలనూ సరిచూడాలి. పట్టికలు లాటిన్1గా మిగిలిన పాత వేదికల్లో నకలును లాటిన్1గానే తీసి, పేరును మాత్రం సరిదిద్ది ఎక్కించాలి. అప్పుడు బైట్లు మారవు.

సరిచూడడంలో సాంకేతిక నిపుణుని కంటే తెలుగు పరిశోధకునికి ఎక్కువ తెలుసు. పుట తెరుచుకున్నదా లేదా అన్నంతవరకే నిపుణుడు చూడగలడు. అరసున్నలున్న పద్యం, బండిరా ఉన్న ప్రాచీన ఉదాహరణ, ద్విత్వ సంయుక్తాల వరుస, పొల్లు తరువాత అక్షరం కలవకుండా ఆపే అదృశ్య గుర్తు ఉన్న ‘వర్డ్‌ప్రెస్’ వంటి ఆధునిక పదం సరిపోల్చవలసిన నమూనాలు. ఆ అదృశ్య గుర్తు ఒక్కటి జారితే పకారం డకారానికి ఒత్తుగా చేరి పదం రూపమే మారుతుంది. దాన్ని యంత్రం తప్పుగా గుర్తించదు.

ఉల్లేఖనలకు సంబంధించిన మరో సమస్య పుటల చిరునామా. వర్డ్‌ప్రెస్ రచన శీర్షిక నుండి చిరునామాను తయారుచేసి 200 గుర్తుల గడిలో దాచుతుంది. చిరునామాలో ఒక్కొక్క తెలుగు సంకేతం తొమ్మిది గుర్తులవుతుంది. ‘భద్రాచల రామదాసు కీర్తనలు’ అన్న శీర్షికలో 22 సంకేతాలు, రెండు ఖాళీలు ఉన్నాయి. అంటే సరిగ్గా 200 గుర్తులు. దాని తరువాత ‘పాఠ పరిశీలన’ అని ఉన్నా ‘సంగీత పరిశీలన’ అని ఉన్నా చిరునామాలో ఆ మాటలకు చోటు దక్కదు. రెండు వ్యాసాలకూ ఒకే చిరునామా ఏర్పడబోతే రెండోదాని చివర 2 అన్న అంకె చేరుతుంది. వేదికను మార్చి రచనలను మళ్లీ ఎక్కించేటప్పుడు వరుస తారుమారైతే ఆ అంకె మరో వ్యాసానికి పోతుంది. అప్పటికే సిద్ధాంత గ్రంథాల్లో చేరిన ఉల్లేఖన తప్పు వ్యాసాన్ని చూపుతుంది. చిన్న చిరునామాను మొదటే స్వయంగా నిర్ణయించి, నవీకరణలన్నిటా దాన్ని మార్చకుండా ఉంచడం ఇందుకు పరిష్కారం.

7. సరిహద్దు భాషలు, కొత్త అక్షరాలు

పాల్వంచ, భద్రాచలం మన్యానికి ఈ చర్చలో ప్రత్యేక స్థానం ఉంది. ఇక్కడి కోయ భాష గోండీకి దగ్గరిది. కోయ పాటలనూ కథలనూ తెలుగు లిపిలో రాసుకుంటే వాటికి తెలుగుకున్న సాంకేతిక రక్షణ అంతా లభిస్తుంది. గోండీకి సొంత లిపులు కూడా ఉన్నాయి. ఆదిలాబాద్ ప్రాంతపు గుంజాల గ్రామంలో జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడులో చేరింది. మసారం గోండీ లిపి అంతకు ముందు ఏడాది చేరింది.

ఈ లిపుల ఒక్కొక్క సంకేతానికి యూటీఎఫ్-8లో నాలుగు బైట్లు కావాలి. మైఎస్‌క్యూఎల్ పాత యూటీఎఫ్8 మూడు బైట్లనే పట్టగలదు. కఠిన నియమం లేని పాత అమరికల్లో అది తొలి నాలుగు బైట్ల అక్షరం దగ్గర పాఠాన్ని కోసివేసి, మిగిలినదాన్ని వదిలివేసేది. తెలుగు వ్యాసం మధ్యలో ఒక్క గుంజాల అక్షరాన్ని ఉదాహరించినా, ఆ తరువాతి తెలుగు భాగమంతా పోయేది. 2015 ఏప్రిల్‌లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 4.2 పట్టికలను యూటీఎఫ్8ఎంబీ4కు మార్చి ఈ లోపాన్ని తీర్చింది. తెలుగు ఒక్కటే రాసేవారికి అనవసరంగా తోచిన నవీకరణ, పొరుగు గిరిజన భాషల పాఠానికి ప్రాణావసరం అయింది.

తెలుగు లిపి కూడా యూనికోడులో ముగిసిన అధ్యాయం కాదు. దంత్య చ, జలకు 2008లో, శాసనాల్లో కనిపించే ప్రాచీన ళకార భేదానికి 2014లో, నకారపు పొల్లుకు 2021లో స్థానాలు లభించాయి. వీటిని వాడిన శాసనపాఠాలు సరిగా కనిపించాలంటే ఫాంటు కొత్తదై ఉండాలి. కంటైనరు ఇమేజీలను చిన్నవిగా ఉంచడానికి వాటిలో తరచుగా ఏ ఫాంట్లూ చేర్చరు. చదువరి తన కంప్యూటరులోని ఫాంటుతో పుటను చదువుతాడు కనుక లోపం కనిపించదు. వేదికే వ్యాసాన్ని పీడీఎఫ్‌గా తయారుచేసి ఇచ్చినప్పుడు మాత్రం అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తాయి. స్వేచ్ఛా లైసెన్సుతో లభించే మండలి, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లను ఇమేజిలో చేర్చడం, అవసరమైన అక్షరాలు వాటిలో ఉన్నాయో లేదో చూసుకోవడం నిర్వాహకుని బాధ్యత.

8. ముగింపు

ఈ చరిత్ర నుండి మూడు అంశాలు తేలుతున్నాయి. సొంత వేదిక రచయితకు స్వాతంత్ర్యం ఇచ్చింది గాని శాశ్వతత్వం ఇవ్వలేదు. శాశ్వతత్వం ప్రతి కొన్నేళ్లకూ మళ్లీ సంపాదించుకోవలసినదే. పాఠానికి కలిగిన పెద్ద నష్టాలు యంత్రం చెడిపోవడం వల్లనే కాక, నకలు లేకుండా, సరిచూడకుండా చేసిన మార్పుల వల్ల కూడా సంభవించాయి. పాఠాన్నీ సాధనాన్నీ విడదీసిన కంటైనరు పద్ధతి మంచి ఎత్తిరాతకు కావలసిన వసతిని కల్పించింది, కాని ఎత్తిరాత బాధ్యతను తాను తీసుకోలేదు.

జాలపత్రికల్లో, బ్లాగుల్లో వెలువడిన తెలుగు కథ, కవిత, విమర్శ ఇప్పటికే పరిశోధనకు ఆకరాలు. వాటిలో చాలాభాగం అచ్చులోకి రాలేదు, రాకపోవచ్చు. వాటి భవితవ్యం కొద్దిమంది నిర్వాహకుల తీరిక మీద, ఓపిక మీద ఆధారపడి ఉంది. వారికి లేనిది పాఠాన్ని సరిచూసే శిక్షణ. తెలుగు శాఖలకు లేనిది సర్వరు పరిచయం. పాఠ పరిష్కరణ బోధనలో తాళపత్ర, ముద్రిత ప్రతుల సరసన జాలపాఠాల నకళ్లనూ చేర్చి, విద్యార్థుల చేత ఒక వేదిక పాత, కొత్త కూర్పులను సరిపోల్పించడం ఈ రెండు లోటులనూ ఒకేసారి తీర్చగల పని. అందుకు ఒక సాధారణ కంప్యూటరు, రెండు కంటైనర్లు, ఒక డేటాబేసు నకలు చాలు.